నీటి ఒడ్డున నీరు పడనివి



సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు మీద ఒకసారైనా ప్రయాణం చేసినవాళ్ళకు ఆ గాలి గుర్తుండే ఉంటుంది. రోడ్డుకు అటూ ఇటూ పులికాట్ సరస్సు. పెద్దవాళ్ళు ప్రళయకావేరి అనే ఈ ఉప్పునీటి సరస్సు మన దేశంలో చిలికా తర్వాత పెద్దది. చలికాలంలో ఫ్లెమింగోలను చూడడానికి పిల్లాపాపలతో జనం వచ్చేది ఇక్కడికే. సరస్సు దాటితే దీవి, దీవి దాటితే బంగాళాఖాతం. ఇనుప గేటుకు రంగు వేయడం ఒక ఏడు మానేస్తే తుప్పు పొరలు పొరలుగా రాలుతుంది. కార్తీకంలో డబ్బాలోని అప్పడాలు కూడా మెత్తబడతాయి. గాలిలోనే నీళ్ళున్న ఊళ్ళు ఇవి.

ఈ ఊళ్ళలోనే డిగ్రీ కాలేజీలున్నాయి. వాటి కెమిస్ట్రీ ల్యాబుల్లో బీరువా పై అరన ఒక గోధుమరంగు సీసా ఉంటుంది. దాని నిండా కిరోసిన్, కిరోసిన్ అడుగున బూడిదరంగు ముక్కలు. అది సోడియం లోహం, నీళ్ళు తగిలితే మండేది. ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ సీసా గురించి, దాని చుట్టాల గురించి. కెమిస్ట్రీ చదవనివాళ్ళు రేడియో కట్టేయవద్దు. మామిడి మండీల్లోనూ వెల్డింగు షాపుల్లోనూ తిరిగే కార్బైడు కూడా ఈ వంశంలోదే. దాని దగ్గరికీ వస్తాను.

సోడియాన్ని కత్తితో కోయవచ్చు. కోసిన చోట వెండిలా మెరుస్తుంది, చూస్తుండగానే ఆ మెరుపు మాసిపోతుంది. నీళ్ళలో వేస్తే మునగదు, నీటికన్నా కొంచెం తేలిక కాబట్టి. అక్కడ పుట్టే వేడికి ముక్క కరిగి గుండ్రని బొట్టయి నీటి మీద బుసబుసమంటూ పరుగులు పెడుతుంది. 98 డిగ్రీల వేడి చాలు అది కరగడానికి. ఆ పరుగులో హైడ్రోజన్ వాయువు విడుదలవుతుంది, నీళ్ళలో కాస్టిక్ సోడా మిగులుతుంది. 1 గ్రాము సోడియం ఇచ్చే హైడ్రోజన్ సుమారు అర లీటరు. గాలిలో నూటికి 4 పాళ్ళు చేరితే చాలు, హైడ్రోజన్ అంటుకుంటుంది. ముక్క చిన్నదైతే పసుపుపచ్చ మంట కనిపించి ఆరిపోతుంది. పెద్దదైతే పేలుతుంది, కరిగిన లోహాన్నీ కాస్టిక్ సోడానూ చుట్టూ చిమ్ముతుంది. అది పడేది ముఖాల మీదే.

1807లో లండన్‌లో హంఫ్రీ డేవీ విద్యుత్తుతో ఈ లోహాన్ని మొదటిసారి వేరు చేశాడు. అంతకు కొద్దిరోజుల ముందే పొటాషియం తీశాడు. అప్పటినుంచి అందరూ హైడ్రోజన్ అంటుకోవడం వల్లే పేలుడు అని చెప్పుకుంటూ వచ్చారు. 2015లో ప్రాగ్ నగరానికి చెందిన పావెల్ యుంగ్‌విర్త్ బృందం అతివేగంగా బొమ్మలు తీసే కెమెరా పెట్టి చూసింది. నీటిని తాకిన క్షణంలోనే లోహం నుంచి ఎలక్ట్రాన్లు నీళ్ళలోకి దూకేస్తాయి. మిగిలిన పరమాణువులన్నీ ధనావేశంతో ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. లోహపు బొట్టు ముళ్ళు ముళ్ళుగా విచ్చుకొని నీళ్ళలోకి చొచ్చుకుపోతుంది. పేలుడుకు బీజం అక్కడ ఉందన్నమాట. రెండు వందల ఏళ్ళుగా ప్రతి క్లాసులో చేసి చూపిస్తున్న ప్రయోగంలో ఇంకా కొత్త సంగతి దాగి ఉండడం చూసి నాకు ముచ్చటేసింది.

సరే, ల్యాబుకు వద్దాం. సోడియం ప్రమాదాలు సీసా మూత తీసేటప్పుడు జరగడం తక్కువ. అప్పుడు అందరికీ భయం ఉంటుంది. లెక్చరర్ పక్కనే ఉంటాడు, పట్టకారు పట్టుకున్న పిల్లవాడు ఊపిరి బిగబట్టి ఉంటాడు. అసలు ప్రమాదం పని అయిపోయాక వస్తుంది. మిగిలిన చెక్కు, కోసిన కత్తి, తుడిచిన కాగితం, ఖాళీ సీసా: వీటిని ఎక్కడ పడేస్తారన్నది చూడాలి.

డిగ్రీలో సేంద్రియ పదార్థ విశ్లేషణ చేసినవాళ్ళకు లాసేన్ పరీక్ష గుర్తుండకపోదు. ఫ్రాన్సు రసాయన శాస్త్రవేత్త లాసేన్ 1843లో చెప్పిన పద్ధతి అది. బఠానీ గింజంత పొడి సోడియం ముక్కను ఇగ్నిషన్ ట్యూబులో వేసి, కరిగి మెరిసేదాకా వేడి చేస్తారు. ఆపైన ఇచ్చిన పదార్థాన్ని వేసి, గొట్టం అడుగు ఎర్రగా కాలాక, చైనా డిష్‌లోని డిస్టిల్డ్ వాటర్‌లో ముంచుతారు. గొట్టం టప్పున పగులుతుంది. మరిగించి వడపోస్తే సోడియం ఎక్స్‌ట్రాక్ట్. అందులో నైట్రోజన్ ఉంటే ముదురు నీలం తేలుతుంది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. సోడియాన్ని నీళ్ళకు దూరంగా ఉంచమని ఏడాదంతా చెప్పి, కాలిన గొట్టంలో మిగిలిన సోడియంతో సహా నీళ్ళలో ముంచమంటున్నాం. ముక్క చిన్నదైతే, అది పూర్తిగా కాలి ఉంటే, దాంతో ముప్పు లేదు. కానీ ముక్క ఎక్కువ వేస్తే రంగు బాగా వస్తుందని పిల్లల్లో ఒక నమ్మకం. ఎవరు పుట్టించారో తెలియదు, ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటుంది. లావు ముక్క లోపల కాలకుండా మిగిలిపోతుంది, నీళ్ళలో పడగానే గొట్టంతో పాటు డిష్ కూడా ముక్కలవుతుంది. అందుకే ముంచగానే డిష్ మీద వైర్ గాజ్ మూయాలి, ముఖం పక్కకు ఉండాలి, కళ్ళకు గాగుల్స్ ఉండాలి. ఇచ్చిన తెలియని ద్రవం క్లోరోఫారమో కార్బన్ టెట్రాక్లోరైడో అయితే సోడియంతో కలిపి వేడి చేయడమే పెద్ద ముప్పు. నీళ్ళు లేకుండానే పేలగల జోడీ అది. ప్రాక్టికల్ పరీక్షకు పదార్థాలు ఎంచి పెట్టే లెక్చరర్లు ఈ మాట గుర్తుంచుకోవాలి. పిల్లలు తెలియని పదార్థం అనుకొని తీసుకుంటారు, సీసాలో ఏముందో తెలిసింది మనకే కదా.

అంతకన్నా ఎవరికీ పట్టనిది ఫిల్టర్ పేపరు. సోడియం ముక్కకు అంటిన కిరోసిన్ పోవడానికి ఫిల్టర్ పేపరు మడతల్లో పెట్టి అద్దుతారు. ఆ కాగితానికి సన్నని సోడియం రజను అంటుకుంటుంది. కాగితాన్ని ఉండచుట్టి చెత్తబుట్టలో వేస్తారు. సాయంత్రం ఊడ్చే ఆయమ్మ అదే బుట్టలోకి తడిగుడ్డ పిండుతుంది, తాగి పారేసిన టీ కప్పులు వేస్తుంది. కిరోసిన్ తడిసిన కాగితం, దాని మీద సోడియం, ఆ పైన నీళ్ళు. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పి ఉండరు. మా వైపు ఒక కాలేజీలో మంట లేచింది ఇట్లాగే. ఆయమ్మ చీర కుచ్చిళ్ళు కొంచెం కాలాయి, అదృష్టవశాత్తు అంతటితో పోయింది. ల్యాబ్ అటెండర్ పరుగెత్తుకొచ్చి "సార్, బుట్ట దానంతట అదే అంటుకుందండీ, దెయ్యమో ఏమో" అన్నాడు. లెక్చరర్ "దెయ్యం కాదప్పా, మూడో బ్యాచ్ పిల్లలు" అన్నాడు. వినడానికి నవ్వొస్తుంది కానీ, మన దగ్గర మిగులు ఎప్పుడూ అందరికన్నా తక్కువ జీతం ఉన్న చేతుల్లోకే చేరుతుంది. ఆ చేతులకు సోడియం పేరు కూడా చెప్పం.

అందువల్ల నేను చెప్పదలచుకున్నది ఒకటే. సీసా మూత తీసే ముందే, మిగిలింది దేనిలో, ఎవరు, ఎలా చంపుతారో తేల్చుకోవాలి. చంపడం అన్నది ల్యాబుల్లో వాడే మాటే, కొత్తగా చదివినవాళ్ళు క్వెంచ్ చేయడం అంటారు.

సోడియాన్ని చంపడానికి పొడి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడతారు. పొడి అన్న మాట మీద నిలబడాలి. కరోనా కాలంలో ప్రతి కాలేజీకీ శానిటైజర్ డబ్బాలు వచ్చిపడ్డాయి, కొన్ని ఇంకా స్టోర్‌రూములో ఉన్నాయి. అదీ ఆల్కహాలే కదా అని సోడియం మీద పోశారనుకోండి, అందులో నూటికి పాతిక ముప్పై పాళ్ళు నీళ్ళే. కావలసింది 99 శాతం స్వచ్ఛమైనది. సోడియాన్ని చిన్నచిన్న ముక్కలు కోసి, టాలుయిన్ వంటి పొడి ద్రావణిలో ఉంచి, ఫ్యూమ్ హుడ్ కింద, వీలైతే నైట్రోజన్ వాయువు నడుమ, ఆల్కహాల్‌ను బొట్టు బొట్టుగా వేయాలి. బుడగలు నెమ్మదించాక ఇంకొంచెం. పూర్తిగా ఆగాక మామూలు ఇథనాల్. అదీ నిమ్మళించాక, చివర్న మాత్రమే నీళ్ళు, అవీ చుక్కలుగా. పాత్రకు బిరడా బిగించకూడదు, హైడ్రోజన్‌కు దారి ఉండాలి. చుట్టుపక్కల బర్నరు వెలగకూడదు.

ఇందులో రెండు మోసాలున్నాయి. ఒకటి, బుడగలు ఆగిపోవడం. ముక్క చుట్టూ తెల్లటి పొర కట్టుకొని లోపలి లోహానికి ఆల్కహాల్ అందకుండా పోతుంది. చూడడానికి చచ్చినట్టే ఉంటుంది. తొందరపడి నీళ్ళు పోస్తే పొర కరిగి, లోపలి ముక్క ఒక్కసారి బయటపడుతుంది. అందుకే కలపాలి, ఆగాలి, మళ్ళీ కలిపి చూడాలి. రెండోది, వేడెక్కుతోందని ఐసు నీళ్ళ తొట్టిలో పెట్టడం. చేయి ఎప్పటి అలవాటు కొద్దీ అటే పోతుంది. గాజు పగిలిందంటే సోడియం, ద్రావణి, నీళ్ళు అన్నీ ఒకచోట చేరతాయి. చల్లబరచాల్సిన అవసరం వస్తోందంటే ఆల్కహాల్ తొందరగా పోస్తున్నారని అర్థం. ఆపి కాసేపు కూర్చోండి.

ఎం.ఎస్సీ. చదివి శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయం నుంచో ఐఐఎస్ఈఆర్ నుంచో బయటికి వచ్చే మన పిల్లలు ఎక్కువమంది మందుల కంపెనీల పరిశోధన ల్యాబుల్లో చేరతారు. నాయుడుపేట, హైదరాబాదు, విశాఖ, ఇంకా దూరం పోతే న్యూజెర్సీ. అక్కడ సోడియం పెద్దగా కనిపించదు, దాని చుట్టాలు కనిపిస్తాయి. సోడియం హైడ్రైడ్ అని ఒక బూడిద పొడి, నూనెలో కలిపి అమ్ముతారు. స్వచ్ఛమైన హైడ్రైడ్ 1 గ్రాము తడిస్తే 1 లీటరు హైడ్రోజన్. లిథియం అల్యూమినియం హైడ్రైడ్ అయితే 1 గ్రాముకు రెండున్నర లీటర్లు. దాన్ని చంపడానికి కెమిస్టులకు ఒక లెక్క నోటికి వచ్చి ఉంటుంది: పాత్రను చల్లబరిచి, ఎన్ని గ్రాములు వాడారో అన్ని మిల్లీలీటర్ల నీళ్ళు చుక్కచుక్కగా, తర్వాత 15 శాతం సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం అంతే, మళ్ళీ నీళ్ళు దానికి మూడింతలు. ఈ లెక్కలో గొప్ప ఉంది. నీరు పడని పదార్థాన్ని నీళ్ళతోనే, కొలత తప్పకుండా, వంచుతారు. చేయి జారి మొదటి విడతలోనే మూడింతలు పోస్తే మాత్రం ఫ్లాస్కులో ఉన్నదంతా హుడ్ పైకప్పుకు తగులుతుంది.

ఇంకో చుట్టం బ్యూటైల్ లిథియం. అందులో టెర్షియరీ రకానికి నీళ్ళు కూడా అక్కర్లేదు, గాలి తగిలితే చాలు, అంటుకుంటుంది. 2008 డిసెంబరు 29న లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 23 ఏళ్ళ పరిశోధన సహాయకురాలు దీన్ని సిరంజీతో తీస్తోంది. సిరంజీ 60 మిల్లీలీటర్లది, ప్లాస్టిక్‌ది. ఒక్కోసారి దాదాపు సిరంజీ నిండా తీయాల్సి వచ్చింది. పిస్టను వెనక్కి ఊడి వచ్చేసింది. ద్రవం చేతుల మీద, ఒంటి మీద పడి మంటలేచింది. ఒంటి మీద ల్యాబ్ కోటు లేదు, సింథటిక్ స్వెట్టర్ ఉంది. అది కరిగి చర్మానికి అంటుకుంది. 18 రోజులు ఆసుపత్రిలో ఉండి 2009 జనవరి 16న ఆమె కన్నుమూసింది. ప్రొఫెసర్ మీదా విశ్వవిద్యాలయం మీదా క్రిమినల్ కేసులు పెట్టారు. ఒక ల్యాబు ప్రమాదానికి అమెరికాలో అట్లా జరగడం అరుదు. ఆ తర్వాతే అక్కడి విశ్వవిద్యాలయాల్లో కోటు వేసుకోవడం మీద పట్టుదల వచ్చింది.

మన దగ్గర కోటు ప్రాక్టికల్ పరీక్ష రోజున ఎగ్జామినర్ కోసం వేసుకునే దుస్తు. అదీ తక్కువ ధరకు దొరికే పాలిస్టరు. నూలు కోటు కాలితే బూడిదవుతుంది, పాలిస్టరు కరిగి ఒంటిని పట్టుకుంటుంది. అమ్మాయిల చున్నీలు చాలావరకు సింథటిక్‌వే. కోటు లోపలికి మడిచి పెట్టించాలి, జడ వెనక్కి ముడి వేయించాలి. తిరుపతి ఎండలకు మందపాటి నూలు కోటు చెమట పట్టిస్తుందని పిల్లలు గొణుగుతారు, ఆ గొణుగుడులో న్యాయం ఉంది. ఆ పని వరకే వేసుకోమనండి, గంట సేపు, ఫ్యాన్ కింద కాకుండా. ఫ్యాన్ ఎందుకు కాదంటే పొడి ఎగురుతుంది, మంట పక్కకు వాలుతుంది.

ఎండ అన్నాను కాబట్టి ఇంకో సంగతి. టెర్షియరీ బ్యూటైల్ లిథియం పెంటేన్ అనే ద్రావణిలో వస్తుంది. పెంటేన్ 36 డిగ్రీలకే మరుగుతుంది. ఈథర్ అంతకన్నా తక్కువకే, 35కు దగ్గరలో. మే నెలలో తిరుపతిలో 40 దాటుతుంది. అంటే శీతల దేశంలో రాసిన పుస్తకంలో గది ఉష్ణోగ్రత అని ఉన్నచోట మన గదిలో ఆ సీసా లోపల ద్రవం మరుగుతూ ఉంటుంది. కరెంటు పోయిన మధ్యాహ్నం ఫ్రిజ్ బయట మరిచిపోయిన సీసా రబ్బరు బిరడా ఉబ్బుతుంది. అందులోకి సూది గుచ్చితే ద్రవం సిరంజీలోకి తనంతట తానే పిస్టను నెట్టుకుంటూ వస్తుంది. ముందు సీసాను చల్లబరచాలి. సిరంజీ, తీయాల్సిన దానికి కనీసం రెట్టింపు పట్టేది ఉండాలి. ఎక్కువ పరిమాణమైతే సిరంజీ మానేసి, నైట్రోజన్ ఒత్తిడితో రెండు కొసల సూది గుండా పంపే పద్ధతి ఉండనే ఉంది. ఫ్రిజ్ కూడా ఇంట్లో వాడే రకం పనికిరాదు, దాని లోపలి స్విచ్చి నిప్పురవ్వ చాలు ఈథర్ ఆవిరికి.

వానాకాలం సంగతి వేరు. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాలకు మా ఊళ్ళు తడిసి ముద్దవుతాయి. ఆ రోజుల్లో గ్రిగ్నార్డ్ చర్య పెట్టిన విద్యార్థి ఎదురుచూసీ చూసీ విసిగిపోతాడు. మెగ్నీషియం ముక్కలు ఈథర్‌లో అట్లాగే పడి ఉంటాయి. గాజుకు పట్టిన తేమ చర్యను మొదలుకానివ్వదు. విద్యార్థి ఇంకొంచెం బ్రోమైడ్ పోస్తాడు, ఒక అయోడిన్ స్ఫటికం వేస్తాడు, ఇంకొంచెం పోస్తాడు. తేమ అంతా ఖర్చయ్యాక, అప్పటిదాకా పోసిందంతా కలిసి ఒకేసారి మొదలవుతుంది. ఈథర్ కండెన్సరు పైనుంచి పొంగుతుంది. మొదలుకాని చర్యకు ముడిసరుకు జోడించకూడదన్నది ఒక్కటే మాట. గాజు సామాను ముందురోజు రాత్రి 120 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి, వేడి మీదే బిగించి, నైట్రోజన్ పంపుతూ చల్లార్చుకుంటే ఆ వానరోజు కూడా పని జరుగుతుంది. రాత్రి కరెంటు పోయిందా, ఆ పని మర్నాటికి వాయిదా. ప్రాజెక్టు గడువు దగ్గర పడిందన్న వాదనను మెగ్నీషియం వినదు.

ఇక మంట ఆర్పడం. కాలేజీ వరండాలో ఎర్ర రంగు బకెట్లు వేలాడుతుంటాయి కదా, ఇసుకతో. సోడియం మంటకు ఇసుక మంచిదే, పొడిదైతే. ఆ బకెట్ల మీద వాన జల్లు పడుతుంది, తేమ గాలికి ఇసుక గడ్డకడుతుంది, అందులో బీడీ ముక్కలూ చాక్లెట్ కాగితాలూ. కాళంగి ఏటి నుంచి తెచ్చిన ఇసుకను తెచ్చినట్టే పోశారేమో కూడా. తడి ఇసుక పోస్తే మంటకు నీళ్ళు పోసినట్టే. ఇసుకను పెనం మీద బాగా వేయించి, ఆరాక మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పోసి, ల్యాబు లోపలే, సోడియం తెరిచే బల్లకు రెండడుగుల దూరంలో పెట్టాలి. ఉప్పు కూడా పనికొస్తుంది. కానీ మన తీరంలో మడుల నుంచి వచ్చే రాళ్ళ ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కలిసి ఉంటుంది, అది గాలిలో నీటిని లాగుతుంది. శుద్ధి చేసి వేయించిన ఉప్పు కావాలి. లేదా పొడి సోడా యాష్. గోడకు తగిలించిన కార్బన్ డయాక్సైడ్ సిలిండరు సోడియం మంటకు పనికిరాదు, మండే సోడియం ఆ వాయువునూ విడగొట్టి మండుతుంది. లోహపు మంటలకు డి తరగతి పొడి సిలిండర్లు విడిగా అమ్ముతారు. కొనిపెట్టమని అడిగితే ఆడిట్ అభ్యంతరం అంటారు. అడగడం మానకండి.

నీళ్ళు వద్దు అన్న మాట మంటకు చెప్పింది, మనిషికి కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఒంటి మీద బట్టలు అంటుకున్నప్పుడు, రసాయనం పడ్డప్పుడు, కొంచెం నీళ్ళు కీడు చేస్తాయేమో కానీ ధారగా కుమ్మరించే నీళ్ళు ప్రాణం కాపాడతాయి. సోడియం ముక్కే చర్మానికి అంటి ఉంటే ముందు దాన్ని పట్టకారుతోనో పొడిగుడ్డతోనో తీసేసి, వెంటనే కుళాయి కింద. కంట్లో పడితే రెప్పలు విప్పి పట్టి కనీసం 15 నిమిషాలు. ఆ తర్వాతే ఆటో, ఆసుపత్రి. ల్యాబుకు షవరు లేకపోతే నీళ్ళు నిండిన డ్రమ్ము, దాని మీద బకెట్టు, తలుపు దగ్గర. నీరు పడని పదార్థాలున్న గదిలో అన్నిటికన్నా ఎక్కువ నీళ్ళు ఉండాలి, ఆ పదార్థాలకు దూరంగా, మనిషి చేతికందేలా.

సరస్సు అవతలి శ్రీహరికోటను తలవకుండా ఈ మాటలు ముగించలేను. 1971 అక్టోబరులో ఒక చిన్న రోహిణి రాకెట్టుతో మొదలైన కేంద్రం. 2002లో సతీష్ ధావన్ పేరు పెట్టారు. పీఎస్ఎల్వీ మొదటి దశలో పోసే ఘన ఇంధనం సుమారు 138 టన్నులు. అందులో ఐదో వంతుకు దగ్గరగా మెత్తటి అల్యూమినియం పొడి. ఆ పొడికి తేమ తగిలితే నెమ్మదిగా హైడ్రోజన్ వదులుతుంది. ప్రమాదకర సరుకుల వర్గీకరణలో సోడియం ఉన్న తరగతిలోనే, పూత లేని అల్యూమినియం పొడినీ ఉంచారు. నీలి రంగు ఏటవాలు చతురస్రం, లోపల మంట బొమ్మ, అడుగున 4 అంకె, అదీ ఆ తరగతి గుర్తు. ఇస్రో తయారుచేస్తున్న సెమీ క్రయోజనిక్ ఇంజను వెలిగించడానికి ట్రైఇథైల్ అల్యూమినియం, ట్రైఇథైల్ బోరాన్ కలిపిన ద్రవాన్ని చిన్న గొట్టంలో సీలు చేసి పెడతారు. గాలి తగిలితే అంటుకునే రకం. 2024 మే 2న తమిళనాడులోని మహేంద్రగిరిలో ఆ వెలిగింపును పరీక్షించి చూశారు. కెమిస్టు ఏ గుణానికి భయపడతాడో, ఇంజనీరు అదే గుణాన్ని అగ్గిపుల్లగా వాడుకున్నాడు.

అంత జాగ్రత్త ఉన్నచోట కూడా 2004 ఫిబ్రవరి 23న శ్రీహరికోట ఘన ఇంధన కర్మాగారంలో మంటలు లేచి ఆరుగురు చనిపోయారు. మన ఊళ్ళు ఆ రోజును మరిచిపోలేదు. మరో పక్క, చెన్నై దాటితే కల్పాక్కం అణు రియాక్టరులో 1985 నుంచి టన్నుల కొద్దీ కరిగిన సోడియాన్ని గొట్టాల్లో తిప్పుతున్నారు, సముద్రం ఒడ్డున, ఆర్గాన్ వాయువు కప్పి. టన్నులున్నచోట ఎవరూ నిర్లక్ష్యంగా ఉండరు. భయమంతా అక్కడే ఖర్చయిపోతుంది. వంద గ్రాముల సీసా ఉన్న కాలేజీకి ఏమీ మిగలదు.

కార్బైడు గురించి చెబుతానన్నాను. కాల్షియం కార్బైడు గడ్డలు తడిస్తే ఎసిటిలీన్ వస్తుంది. వెల్డింగు షాపువాడికి అది అన్నం పెట్టే వాయువు. 1 కిలో గడ్డల నుంచి సుమారు 300 లీటర్లు. దామలచెరువు మొదలుకొని మన మామిడి మండీల్లో కాయలు పండించడానికి దీన్ని వాడకూడదని ఆహార భద్రతా నిబంధనలు 2011 నుంచి స్పష్టంగా చెబుతున్నాయి, ఆ తర్వాత బదులుగా ఇథిలీన్ వాయువును 100 పీపీఎం వరకు అనుమతించాయి. అయినా దొంగచాటుగా దొరుకుతూనే ఉంది. కాయకు, తినేవాడికి జరిగే హాని గురించి చాలామంది చెప్పారు. నేను చెప్పేది గోదాము గురించి. తొలకరి వానకు రేకుల కప్పు కారి, మూలనున్న కార్బైడు డబ్బా తడిస్తే, మూసిన గదిలో ఎసిటిలీన్ నిండుతుంది. వెల్లుల్లిలాంటి ఘాటు వాసన వస్తే లైటు స్విచ్చి వేయవద్దు, ఉన్న లైటు ఆర్పనూ వద్దు. తలుపులు తెరిచి బయటికి రండి. వాడేసిన బూడిదను కాలువలో పోయడం కూడా ప్రమాదమే, మధ్యలో తడవని గడ్డలుంటాయి. ల్యాబులో సింకు, మండీలో మురికికాలువ. మిగులు పోయే దారి రెండుచోట్లా ఒకటే.

చివరగా కాలేజీల వాళ్ళకు ఒక పని. ఈ వారం ఆ గోధుమ సీసాను కదపకుండా వెలుతురులో చూడండి. కిరోసిన్ మట్టం తగ్గి ముక్కలు బయటికి కనిపిస్తుంటే లిక్విడ్ పారాఫిన్ తెచ్చి నింపండి. రేషన్ నీలి కిరోసిన్ కోసం వెతకవద్దు. ముక్కల మీద తెల్లటి పెచ్చు మాత్రమే ఉంటే అది పాతబడిన సోడియం, పైన చెప్పినట్టు కొంచెం కొంచెంగా చంపవచ్చు. సీసా మీద పొటాషియం అని ఉండి, పెచ్చు పసుపుగానో నారింజగానో ఉంటే కత్తి పెట్టవద్దు, మూత కూడా తిప్పవద్దు. ఆ పెచ్చు నూనెతో కలిసి కత్తి ఒత్తిడికే పేలగలదు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న ప్రమాదకర వ్యర్థాల సంస్థకు రాసి, వాళ్ళు వచ్చేదాకా ఆ బీరువాకు తాళం వేయండి.

స్టాక్ రిజిస్టరులో వచ్చింది, ఖర్చయింది, నిల్వ అని మూడు గళ్ళుంటాయి. నాలుగో గడి ఒకటి స్కేలుతో గీయండి: మిగిలింది ఎవరు, ఏ తేదీన, దేనిలో చంపారు. మార్చి ప్రాక్టికల్స్ అయ్యాక ఆ గడిలో ప్రతి వరసకూ సంతకం ఉంటేనే కొత్త సీసా ఇండెంట్ మీద ప్రిన్సిపాల్‌గారు సంతకం పెట్టాలి. సంతకం చేసేవాళ్ళలో అటెండరూ ఉండాలి. ల్యాబు ఊడ్చే ఆయమ్మకు ఆ బుట్ట జోలికి పోవద్దని తెలుగులో, నోటితో చెప్పి ఉండాలి.